బ్రిటన్‌లో ఏడాది చదువు ముగించుకుని ఇంటికి తిరిగి వచ్చేవారికి

బ్రిటన్‌లో ఎం.ఎస్సీ. చాలావరకు ఒక్క ఏడాది కోర్సు. సెప్టెంబరులో తరగతులు మొదలై, మరుసటి సెప్టెంబరులో డిసర్టేషన్ (పరిశోధనా నివేదిక) సమర్పించడంతో చదువు ముగుస్తుంది. పన్నెండు నెలలు, అంతకు మించిన కోర్సులకు ఇచ్చే విద్యార్థి వీసా కోర్సు ముగిశాక మరో నాలుగు నెలలు చెల్లుతుంది. ఆ నాలుగు నెలల్లోనే ప్రతి విద్యార్థీ ఏదో ఒకటి తేల్చుకోవాలి. గ్రాడ్యుయేట్ రూట్ వీసా తీసుకుని అక్కడే ఉద్యోగ ప్రయత్నం చేసేవారు కొందరైతే, చేసిన అప్పు, ఇంటి పరిస్థితి, అక్కడి ఉద్యోగాల తీరు అన్నీ చూసుకుని తిరిగి వచ్చేవారు మరికొందరు. హైదరాబాదు నుంచో, గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వెళ్ళి అలా తిరిగి రాబోతున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

వెళ్ళేటప్పుడు ఎన్ని కిలోల పచ్చళ్ళు పెట్టుకోవాలి అన్న దగ్గర నుంచి బ్యాంకు ఖాతా ఎక్కడ తెరవాలి అన్నదాకా కన్సల్టెన్సీవాళ్ళు, సీనియర్లు, బంధువులు అందరూ చెబుతారు. తిరిగి వచ్చేటప్పుడు చెప్పేవారు ఉండరు. మన ఇంటికి మనం రావడానికి ఒకరు చెప్పేదేముంటుందని అందరూ అనుకుంటారు. కానీ ఈ రాకలోనూ కష్టం ఉంటుందని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. జాన్ గల్లాహార్న్, జీన్ గల్లాహార్న్ అనే సామాజిక శాస్త్రవేత్తలు విదేశాలలో చదువుకుని, బోధించి వచ్చిన అమెరికన్లను పరిశీలించి 1963లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. కొత్త దేశంలో మొదట ఉత్సాహం, తర్వాత దిగులు, ఆ తర్వాత అలవాటు పడడం ఎలా వరుసగా వస్తాయో, స్వదేశానికి చేరాక కూడా అదే వరుస మళ్ళీ ఒకసారి నడుస్తుందని వారు చూపించారు. అందుకే ఇంటికి వచ్చిన రెండు మూడు నెలలకు మనసు కుంగినట్టు అనిపిస్తే అది మీ ఒక్కరి బలహీనత అనుకోనక్కర్లేదు.

ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏడాది మీకు గడిచినట్టే ఇంటికీ గడిచింది. మీరు లేనప్పుడు అక్కడ పెళ్ళిళ్ళు జరిగాయి, చావులు జరిగాయి, నాన్నకు బీపీ మందు డోసు పెరిగింది, చెల్లెలు ఇంటర్ పూర్తి చేసి వేరే ఊరి హాస్టల్‌లో చేరింది. తిరిగి వచ్చినవారు తమ ఏడాది గురించి చెప్పాలన్న ఆత్రంలో ఇంటివారి ఏడాది గురించి అడగడం మరచిపోతారు. కింద చెప్పబోయే పనులన్నీ వరుసగా చేసి, ఈ ఒక్కటి వదిలేస్తే, కాగితాలన్నీ సక్రమంగా ఉండి కూడా ఇంట్లో పరాయిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

బయల్దేరే ముందు

విమానం టికెట్ తీసుకున్న రోజునుంచే అక్కడి పనులు ఒక్కొక్కటిగా ముగించడం మొదలుపెట్టండి. అద్దె ఇంటి సంగతి మొదట చూసుకోవాలి. ఇంగ్లండులో అద్దె ఇంటికి ఓనరు తీసుకున్న డిపాజిట్‌ను సాధారణంగా ప్రభుత్వం ఆమోదించిన పథకాలలో ఒకదానిలో ఉంచాలి. ఎంత తిరిగి ఇవ్వాలో ఇద్దరూ ఒప్పుకున్న తర్వాత పది రోజుల్లో ఆ డబ్బు మీ చేతికి రావాలి. ఇల్లు ఖాళీ చేసే రోజున ప్రతి గదినీ, పొయ్యినీ, ఫ్రిజ్ లోపలి భాగాన్నీ, గ్యాస్, కరెంటు మీటర్ల అంకెలనూ తేదీ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. నలుగురు కలిసి ఉన్న ఇంట్లో అందరూ ఒకేసారి ఖాళీ చేయరు కాబట్టి, ఎవరి గదికి ఎవరు బాధ్యులో వాట్సాప్‌లో అయినా రాతపూర్వకంగా ఉంచుకోవడం మంచిది. పూర్తికాలం విద్యార్థికి కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థకు కట్టే పన్ను) ఉండదు కానీ, కోర్సు ముగింపు తేదీ దాటాక కూడా ఆ ఇంట్లోనే ఉంటే ఆ మినహాయింపు పోతుంది. ఈ విషయం తెలియక, ఇంటికి వచ్చాక ఈమెయిల్‌లో బిల్లు చూసి కంగారుపడేవారు ఉన్నారు.

డిపాజిట్, చివరి జీతం, పన్ను రీఫండ్ ఇవన్నీ పడేదాకా బ్రిటన్ బ్యాంకు ఖాతా మూయవద్దు. ఆ ఖాతాకు ముడిపడిన అక్కడి ఫోన్ నంబరును కూడా బతికించి ఉంచాలి. నెలవారీ ప్లాన్ నుంచి వాడినంతకే డబ్బు కట్టే పే యాజ్ యు గో ప్లాన్‌కు మారితే ఖర్చు తక్కువ. అయితే కొన్ని నెలలపాటు ఒక్క కాల్ గానీ మెసేజ్ గానీ పంపకపోతే కంపెనీలు నంబరు తీసేస్తాయి. ఫోన్‌లో గుర్తు పెట్టుకుని అప్పుడప్పుడూ ఆ సిమ్ వాడుతూ ఉండండి.

పన్ను రీఫండ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మీ కష్టార్జితం. బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు. సెప్టెంబరు నుంచి సెప్టెంబరు దాకా చదివిన విద్యార్థి రెండు పన్ను సంవత్సరాలలోకి వస్తాడు. ఒక్కో సంవత్సరంలో 12,570 పౌండ్ల వరకు ఆదాయానికి పన్ను లేదు. వారానికి 20 గంటలకు మించి చేయకూడని పార్ట్‌టైమ్ పనిలో ఆ హద్దు దాటేవారు అరుదు. అయినా మీ వివరాలు పన్ను శాఖకు అందక తాత్కాలికంగా వేసే ఎమర్జెన్సీ ట్యాక్స్ కోడ్ పడినందువల్లనో, రెండు చోట్ల పని చేసినందువల్లనో జీతంలోంచి పన్ను కోసేసి ఉండవచ్చు. పని మానేసేటప్పుడు యజమాని నుంచి పీ-45 (ఎంత జీతం ఇచ్చారో, ఎంత పన్ను కోశారో చూపే పత్రం) తప్పక అడిగి తీసుకోండి. దేశం విడిచి వెళ్తున్నట్టు తెలిపే పీ-85 ఫారం పన్ను శాఖకు పంపితే, ఎక్కువగా కోసిన పన్ను తిరిగి వస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే సామాజిక భద్రతా చందా) కింద కట్టినది మాత్రం తిరిగి రాదు. జీతంలోంచి పింఛనుకు ఏమైనా కోత పడిందేమో పే స్లిప్పుల్లో చూసుకుని, పడి ఉంటే ఆ పింఛను సంస్థకు ఇక్కడి చిరునామా, శాశ్వతంగా ఉండే ఈమెయిల్ ఇచ్చి రండి.

యూనివర్సిటీ ఈమెయిల్ కొన్నాళ్ళకు మూసుకుపోతుంది. అందులో ఉన్న ఫీజు రసీదులు, ఆఫర్ లెటర్, మాడ్యూళ్ళ వివరాలు, డిసర్టేషన్ తుది ప్రతి, సూపర్‌వైజర్ రాసిన వ్యాఖ్యలు అన్నీ మీ సొంత ఈమెయిల్‌కు పంపుకోండి. ఫలితాలు రావడానికి సాధారణంగా నవంబరు అవుతుంది, పట్టా ప్రదానం ఆ తర్వాతే. అంటే చాలామంది పట్టా చేతికి రాకముందే ఇల్లు చేరతారు. మార్కుల ట్రాన్‌స్క్రిప్టు ఎలా తెప్పించుకోవాలో, పట్టాను కొరియర్‌లో ఏ చిరునామాకు పంపుతారో రిజిస్ట్రీ కార్యాలయంలో ముందే అడిగి రండి. సూపర్‌వైజర్‌ను ఈమెయిల్‌తో సరిపెట్టకుండా ఎదురుగా వెళ్ళి కలవండి. ముందుముందు సిఫార్సు లేఖ అవసరమవుతుందని, మీరు ఎలాంటి ఉద్యోగాలకు ప్రయత్నించబోతున్నారో చెబితే, ఆర్నెల్ల తర్వాత మీరు రాసినప్పుడు ఆయనకు లేదా ఆమెకు మీ ముఖం గుర్తుకు వస్తుంది.

సెలవు తీసుకోవడం కూడా ఈ పనుల్లో భాగమే, దీన్ని తక్కువ చేసి చూడకండి. మీతో పాటు సూపర్ మార్కెట్‌లోనో, కేర్ హోమ్‌లోనో రాత్రి షిఫ్టులు చేసినవారు, మొదటి చలికాలంలో కోటు అరువిచ్చిన సీనియర్, బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ ఆలయానికి కార్లో ఎక్కించుకు వెళ్ళిన కుటుంబం, వీరందరినీ వెళ్ళి కలిసి చెప్పి రావాలి. పని ఒత్తిడిలో చివరి వారం అంతా సామాను సర్దడంతోనే గడిచిపోతే, ఇక్కడికి వచ్చాక మనసు చాలాకాలం అక్కడే తిరుగుతుంది. మళ్ళీ ఎప్పుడు చూస్తారో తెలియని ఊరిని తీరిగ్గా ఒకసారి నడిచి చూసి రండి.

సామాను, కస్టమ్స్

వెళ్ళేటప్పుడు మోసుకువెళ్ళిన ప్రెషర్ కుక్కరు, దుప్పట్లు తిరిగి తేనవసరం లేదు. కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఇచ్చేయండి, వారికి అవి ఎంత అవసరమో మీకు తెలుసు. 18 ఏళ్ళు నిండినవారు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. బంగారం విషయంలో ఏడాది అన్న మాటను అక్షరాలా చూస్తారు. విదేశంలో ఏడాదికి పైగా ఉన్నవారికి మాత్రమే నగల రాయితీ ఉంది, అది పురుషులకు 20 గ్రాములు, స్త్రీలకు 40 గ్రాములు. పదకొండు నెలలకే వస్తున్నవారు ఆ రాయితీ ఉందనుకుని కొనుక్కురావద్దు. మిగతా వస్తువుల విలువకు ఉన్న పరిమితి ఎప్పటికప్పుడు మారుతుంటుంది కాబట్టి, ప్రయాణానికి ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. మీ ఒంటిమీది పాత నగలను వెళ్ళేటప్పుడే కస్టమ్స్‌లో నమోదు చేయించి ఉంటే ఆ కాగితం చేతి సంచిలో పెట్టుకోండి.

అందరికీ బహుమతులు తేవాలన్న ఒత్తిడి మన ఇళ్ళలో ఎక్కువ. అప్పు తీర్చాల్సిన విద్యార్థి నలభై మందికి చాక్లెట్లు, సెంట్లు మోయనవసరం లేదని నా అభిప్రాయం. ఇంట్లో నలుగురికీ వారి అవసరం ఆలోచించి తెచ్చే ఒక్కో వస్తువు చాలు. మిగతావారికి మీరు స్వయంగా వెళ్ళి కనిపించడమే ఎక్కువ.

ఇంటికి చేరిన మొదటి వారాలు

వేసవిలో బ్రిటన్‌కూ మనకూ నాలుగున్నర గంటల తేడా, అక్టోబరు చివర నుంచి అయిదున్నర గంటలు. తూర్పుకు ప్రయాణం చేసినప్పుడు నిద్ర సర్దుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. రాత్రి రెండింటిదాకా నిద్ర రాక, పగలు పదింటిదాకా లేవకపోతే ఇంట్లోవారు దాన్ని బద్ధకమని అనుకోవచ్చు, ముందే చెప్పి ఉంచండి. పొద్దున్నే ఎండలో అరగంట నడిస్తే త్వరగా సర్దుకుంటుంది. కడుపుకు కూడా కొన్నాళ్ళు సమయం ఇవ్వాలి. ఏడాదిపాటు కారం తగ్గించి తిన్నవారు, వచ్చిన రోజునే గోంగూర పచ్చడి, చేపల పులుసు, బయట మిర్చి బజ్జీ అన్నీ ఒక్కసారే తింటే మరునాడు మంచం దిగలేరు. మొదటి వారం కాచి చల్లార్చిన నీళ్ళు, ఇంటి భోజనం మంచివి.

విమానాశ్రయం నుంచి వచ్చిన తర్వాత మొదటి రెండు రోజులు ఇంట్లోవారితోనే గడపండి. ఆ తర్వాత ఎక్కడికి ముందు వెళ్ళాలన్న ప్రశ్న వస్తుంది. నా సలహా ఏమిటంటే, మీరు లేనప్పుడు ఎవరైనా పోయిన ఇంటికి మొదట వెళ్ళండి. స్నేహితులు, విందులు, సినిమాలు తర్వాత చూసుకోవచ్చు. పెద్దనాన్నో, పక్కింటి మామ్మో, చదువు చెప్పిన మాస్టారో ఈ ఏడాదిలో కాలం చేసి ఉంటే, మీరు అప్పుడు ఫోన్‌లో మాట్లాడి ఉన్నా, వీడియో కాల్‌లో చివరిచూపు చూసి ఉన్నా, పరామర్శకు మనిషి వెళ్ళడం వేరు. రోజుల పట్టింపు ఉన్న ఇళ్ళుంటాయి కాబట్టి, ఏ రోజు వెళ్ళవచ్చో అమ్మను అడిగి వెళ్ళండి.

పెద్దనాన్న పోయారని పెద్దమ్మ ఇంటికి వెళ్ళారనుకుందాం. గుమ్మంలో మిమ్మల్ని చూడగానే ఆమెకు దుఃఖం మళ్ళీ పొంగుతుంది. ఏదో ఒక ఓదార్పు మాట వెంటనే చెప్పాలని తొందరపడకండి. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని ఉండండి. కాసేపటికి ఆమే చెప్పడం మొదలుపెడుతుంది. ఏ రోజు రాత్రి ఆయాసం వచ్చిందో, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళారో, ఆఖరికి ఎవరి పేరు పిలిచారో, అన్నీ ఇతరులకు ఎన్నోసార్లు చెప్పినవే అయినా మీకు మొదటిసారి చెబుతుంది. ఫోన్ తీసి చూడకుండా మొత్తం వినండి. ఆయనతో మీకున్న జ్ఞాపకం ఒకటి చెప్పండి. లేచేటప్పుడు మామూలు అలవాటులో ‘వెళ్ళొస్తాను’ అనకూడదని గుర్తుంచుకుని, మాట లేకుండా నమస్కారం పెట్టి బయటికి రండి. ఒక్క పూట చేసే ఈ పనితో, ఊరికి మీరు తిరిగి వచ్చారన్న సంగతి నాలుగు విందులు చేసినదానికంటే బాగా తెలుస్తుంది.

అదే విధంగా, మీరు చూడని పెళ్ళి జరిగిన ఇంటికి, బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్ళండి. ఆల్బమ్ తెచ్చి చూపిస్తే ఓపికగా చూడండి. నాన్నను, బాబాయిని, మేనత్తను విడివిడిగా కూర్చోబెట్టుకుని ఈ ఏడాది ఎలా గడిచిందని అడగండి. మీకు చెబితే అక్కడ దిగులు పడతారని దాచిన విషయాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. నాన్నకు చేసిన స్టెంటు గానీ, మీ ఫీజు కోసం తాకట్టు పెట్టిన పొలం కాగితాలు గానీ అప్పుడు బయటపడవచ్చు. ‘నాకెందుకు చెప్పలేదు’ అని కోపగించుకునే ముందు, చెప్పకుండా వారు మోసినది ఎంతో ఆలోచించండి.

మీ కథ చెప్పే అవకాశం కూడా వస్తుంది, కాకపోతే మీరు అనుకున్నంత సేపు ఎవరూ వినరు. బంధువులకు కావలసింది రెండు నిమిషాల సమాధానం. చలి ఎలా ఉంటుంది, ఏం తినేవాడివి, తెల్లవాళ్ళు ఎలా చూస్తారు అని అడిగి, జవాబు సగంలో ఉండగానే వేరే మాటలోకి వెళ్ళిపోతారు. ఇందులో అవమానమేమీ లేదు, చూడని చోటును ఊహించుకోవడం ఎవరికైనా కష్టమే. పూర్తిగా చెప్పుకోవడానికి మీతో చదివి వచ్చినవారిని ఒకరిద్దరిని ఎంచుకుని, వారానికొకసారి మాట్లాడుకోండి.

మొదటి నెలలో ‘అక్కడైతే’ అనే మాటతో మొదలయ్యే వాక్యాలు వీలైనంత తగ్గించండి. బస్సు ఆలస్యమైనా, బ్యాంకులో లైను తోసుకున్నా, రాత్రి పదింటికి మైకులు మోగినా మీకు పోలిక గుర్తుకు రావడం సహజం. ఆ పోలికలో న్యాయం కూడా ఉండవచ్చు. అయితే విన్నవారికి అది తమ బతుకుమీద తీర్పులా వినిపిస్తుంది. బాగున్న అలవాటును మాటతో కాకుండా చేతతో చూపించండి. మీరు లైనులో నిలబడండి, చెప్పిన సమయానికి చేరండి, ఆటో దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పండి.

వంటింటి విషయం దీనికి మంచి ఉదాహరణ. ఏడాదిపాటు వండుకుని, తోముకుని, బట్టలు ఉతుక్కున్న అబ్బాయి ఇంటికి వచ్చి, అన్నం తిన్న కంచం తీసుకుని సింకు దగ్గరకు వెళ్తాడు. ‘నువ్వెందుకురా, అక్కడ పెట్టు’ అంటూ అమ్మ లాక్కుంటుంది. చూసిన మామ్మ నొచ్చుకుంటుంది. చాలామంది అబ్బాయిలు ఆ రోజే ఓడిపోయి, మరునాటినుంచి కంచం బల్లమీద వదిలేస్తారు. అలా వదిలేయవద్దని నా మనవి. ఆ రోజుకు వాదించకుండా ఊరుకోండి. మరునాడు అమ్మ గుడికి వెళ్ళినప్పుడు గిన్నెలు తోమి బోర్లించి ఉంచండి. ఆదివారం మీరు అక్కడ నేర్చుకున్న పప్పో, కూరో మీరే వండి అందరికీ వడ్డించండి. ఉప్పు తక్కువైందని నాన్న అన్నా సరే. నెల తిరిగేసరికి అది ఇంట్లో మామూలు విషయమవుతుంది, అమ్మకు రోజూ ఒక గంట మిగులుతుంది.

అమ్మాయిలకు వచ్చే చిక్కు ఇంతకంటే లోతైనది. రాత్రి షిఫ్టు ముగించుకుని పదకొండింటి బస్సులో ఒంటరిగా ఇల్లు చేరిన అమ్మాయిని, ఇక్కడ ఏడున్నరకే ‘ఇంకా రాలేదేం’ అని నాలుగుసార్లు ఫోన్ చేసి అడుగుతారు. దీన్ని దాచిపెట్టి తిరగడం ద్వారా పరిష్కరించుకోవద్దు, ఒకసారి అబద్ధం బయటపడితే ఉన్న స్వేచ్ఛ కూడా పోతుంది. అమ్మానాన్నలతో తీరిక చూసి కూర్చుని, ఏడాదిలో ఎలా తిరిగారో, ఏ జాగ్రత్తలు తీసుకున్నారో వివరంగా చెప్పండి. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పంపుతానని, వచ్చే సమయం ముందే చెబుతానని మాట ఇచ్చి, ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోండి. తల్లిదండ్రుల భయం వారి అనుభవంలోంచి వచ్చినది, దాన్ని కొట్టిపారేస్తే తగ్గదు, నమ్మకం కొద్దికొద్దిగా పెరిగితేనే తగ్గుతుంది.

ఇక ఉద్యోగం, జీతం, పెళ్ళి గురించిన ప్రశ్నలు. ‘అక్కడే ఉండిపోవాల్సింది కదా’ అన్న మాట అందరికంటే ఎక్కువగా బాధపెడుతుంది, అందులో ఓటమి అన్న ధ్వని వినిపిస్తుంది. అడిగినవారిలో ఎక్కువమందికి చెడ్డ ఉద్దేశం ఉండదు. ముందే ఒక సూటి జవాబు సిద్ధం చేసుకుని, అందరికీ అదే చెప్పండి. ‘చదువు అయిపోయింది బాబాయ్, నవంబరులో ఫలితాలు వస్తాయి, హైదరాబాదులో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను’ అంటే చాలు. వీసా నిబంధనల నుంచి అక్కడి ఆర్థిక పరిస్థితి దాకా వివరించబోతే, అది సంజాయిషీలా వినిపించి ఇంకో ప్రశ్నకు దారి తీస్తుంది.

ఫోను, బ్యాంకు, పన్ను

ఇండియా ఫోన్ నంబరును ఇంట్లోవారు రీచార్జి చేస్తూ వచ్చారో లేదో చూసుకోండి. ఆధార్, బ్యాంకు, పాన్ అన్నిటికీ ఓటీపీ వచ్చేది దానికే. ఆ నంబరు పోయి ఉంటే, కొత్త నంబరును ముందు ఆధార్‌లో మార్చుకోవాలి, అందుకు ఏ మార్గాలున్నాయో ఆధార్ వెబ్‌సైటులో గానీ, ఆధార్ కేంద్రంలో గానీ తెలుసుకోండి. ఆ తర్వాతే బ్యాంకు పని సులువవుతుంది. కొత్త ఫోన్‌లో యూపీఐ నమోదు చేసుకున్న మొదటి రోజున పంపగల మొత్తానికి చిన్న పరిమితి ఉంటుంది, పెద్ద చెల్లింపులు ఆ రోజున పెట్టుకోకండి.

విదేశీ మారక నిర్వహణ చట్టం ప్రకారం, చదువు కోసం వెళ్ళిన విద్యార్థిని ప్రవాసిగా పరిగణిస్తారు. మీరు వెళ్ళాక మీ పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓ (ప్రవాసుల రూపాయి) ఖాతాగా మార్చి ఉంటే, తిరిగి వచ్చిన సంగతి బ్యాంకుకు తెలిపి దాన్ని మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. ఆదాయపు పన్ను లెక్క దీనికి భిన్నంగా నడుస్తుంది, ఇక్కడే చాలామంది పొరబడతారు. పన్ను చట్టం దేశంలో గడిపిన రోజులను లెక్కిస్తుంది. సెప్టెంబరులో వెళ్ళి మరుసటి సెప్టెంబరులో వచ్చిన విద్యార్థి, వెళ్ళిన ఆర్థిక సంవత్సరంలో అయిదు నెలలకు పైగా, వచ్చిన ఆర్థిక సంవత్సరంలో దాదాపు ఆరున్నర నెలలు ఇక్కడే ఉంటాడు. ఆ లెక్కన రెండు సంవత్సరాలలోనూ పన్ను చట్టం దృష్టిలో నివాసిగానే మిగిలే అవకాశం ఎక్కువ. అలా అయితే బ్రిటన్‌లో సంపాదించినది ఇక్కడి రిటర్నులో చూపించాలి, అక్కడి బ్యాంకు ఖాతాను విదేశీ ఆస్తుల షెడ్యూలులో నమోదు చేయాలి. అక్కడ కట్టిన పన్ను ఏమైనా ఉంటే రెండు దేశాల ఒప్పందం కింద ఇక్కడ తగ్గించుకోవచ్చు. పే స్లిప్పులు, పీ-45, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలవండి. ఆ ఫీజు దండగ కాదు.

విద్యారుణానికి వాయిదాలు చాలా బ్యాంకులలో కోర్సు ముగిసిన ఆరు నెలలకో, ఏడాదికో మొదలవుతాయి. ఆ గడువులో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వచ్చిన నెలలోనే బ్రాంచికి వెళ్ళి, మొదటి వాయిదా తేదీ, ఇప్పటికి పేరుకున్న వడ్డీ, నెలకు ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఈ వడ్డీ మీద ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు ఉంది. రుణం నాన్న పేరు మీద ఉండి ఆయనే వడ్డీ కడుతుంటే ఆయనకే అది వర్తిస్తుంది. ఊళ్ళో చేబదులుగా తెచ్చిన అప్పుకు వర్తించదు.

ఉద్యోగ ప్రయత్నం

బ్రిటన్ మార్కులను ఇక్కడ చదివేవారికి అర్థమయ్యేలా రాయండి. అక్కడి మాస్టర్స్‌లో 50 వస్తే పాస్, 60 వస్తే మెరిట్, 70 వస్తే డిస్టింక్షన్. 64 శాతం అని మాత్రమే రెజ్యూమెలో రాస్తే, ఇంజినీరింగులో ఎనభైలు చూసే అలవాటున్న హెచ్ఆర్ దాన్ని తక్కువగా చూసే అవకాశం ఉంది. మెరిట్ అని, ఆ మెరిట్ ఏ మార్కు నుంచి మొదలవుతుందో అని ఒక్క పంక్తి రాయండి. పార్ట్‌టైమ్ పనిని దాచనవసరం లేదు. గిడ్డంగిలో చేసిన పని అయినా, ఎన్ని గంటలు చేస్తూ చదివారో రాస్తే క్రమశిక్షణ కనిపిస్తుంది.

ఒక్క ఏడాది మాస్టర్స్‌ను రెండేళ్ళ పీజీతో సమానంగా చూడరన్న భయం పాతది. 2022 జూలైలో భారత్, బ్రిటన్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న అవగాహన ఒప్పందంతో అక్కడి ఏడాది మాస్టర్స్‌కు ఇక్కడ గుర్తింపు వచ్చింది. ఇంజినీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయం, ఆర్కిటెక్చర్ వంటి వృత్తి పట్టాలు మాత్రం ఆ ఒప్పందంలో లేవు, వాటికి ఆయా మండళ్ళ నిబంధనలు చూసుకోవాలి. విదేశీ పట్టా ఇక్కడి పట్టాకు సమానమని తెలిపే ధ్రువీకరణ గురించి యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రైవేటు ఉద్యోగాలకు ఈ ధ్రువపత్రం చాలావరకు అడగరు. పీహెచ్‌డీ ప్రవేశానికి, అధ్యాపక ఉద్యోగాలకు, ప్రభుత్వ నోటిఫికేషన్లకు అడుగుతారు. ఆ దారిలో వెళ్ళాలనుకుంటే నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా, పట్టా చేతికి అందిన వెంటనే దరఖాస్తు చేయండి.

ఊళ్ళో కూర్చుని ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పంపుతూ నెలలు గడపడం కంటే, వీలైతే హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్నేహితుల గదిలో ఉండి ప్రయత్నించడం నయం. రోజుకొక పద్ధతి ఉంటుంది, మనుషుల మధ్య ఉంటారు. ఇంటి ఖర్చు కోసం తాత్కాలికంగా చిన్న ఉద్యోగం ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు.

మనసు కుంగినప్పుడు, ఇంట్లోవారు చేయవలసినది

పండుగల సందడి తగ్గి, బంధువుల రాకపోకలు ఆగిన తర్వాత అసలు దిగులు మొదలవుతుంది. అక్కడ ఉన్నప్పుడు ఇల్లు గుర్తొచ్చేది, ఇక్కడికి వచ్చాక అక్కడి గది, లైబ్రరీ, వానలో నడిచిన వీధి గుర్తొస్తాయి. అక్కడి అలవాట్లలో ఒకటి రెండు ఇక్కడ కొనసాగించండి. రోజూ నడక, వారానికొకసారి లైబ్రరీ, సొంతంగా ఖర్చు లెక్క రాసుకోవడం వంటివి ఆ ఏడాదిని వృథా కానివ్వవు. నిద్ర, ఆకలి పూర్తిగా తప్పిపోయి, వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే, అది సర్దుకోవడంలో ఉండే మామూలు దిగులును దాటిపోయిందని గుర్తించి సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. పిల్లలు వచ్చిన వారంలోనే సంబంధాలు చూడడం, ఫలానావాళ్ళ అబ్బాయికి అక్కడే ఉద్యోగం వచ్చిందని గుర్తుచేయడం కొన్నాళ్ళు ఆపండి. అప్పు గురించి దాచవద్దు, ఎంత ఉందో, ఎప్పటినుంచి కట్టాలో ఒకసారి కూర్చుని లెక్క చెప్పండి, ఆ తర్వాత రోజూ ఎత్తవద్దు. వారు గది తలుపు వేసుకుంటే అలక అనుకోకండి, ఒంటరిగా కాసేపు ఉండడం వారికి ఏడాదిగా అలవాటైంది. మీరు దాచిన అనారోగ్యాలు, ఖర్చులు ఉంటే మొదటి నెలలోనే మీ నోటితో చెప్పండి, వేరేవారి ద్వారా తెలిస్తే ఎక్కువ బాధపడతారు. పెళ్ళి మాట ఎత్తాలనుకుంటే, పిల్లలు ఉద్యోగంలో చేరి మొదటి రెండు మూడు జీతాలు అందుకున్న తర్వాత, ముందు వారితో మాట్లాడి, ఆ తర్వాతే బంధువులకు చెప్పండి.